క్లాసులోకి టెక్నాలజీ, మెల్లమెల్లగా: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాఫ్ రూముల్లో, ట్రైనింగుల్లో, రాత్రిపూట వచ్చే ఫోన్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలివి. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: పాఠంలో పిల్లలు ఎక్కడ ఇరుక్కుంటున్నారో అక్కడికి టెక్నాలజీ రావాలి. మిగతా చోట్ల బోర్డు చాలు.

## మొదలుపెట్టే ముందు

బోర్డు, సుద్దముక్కతో ఇన్నేళ్లుగా బాగానే చెబుతున్నాను. ఇప్పుడు మార్చుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

అన్ని పాఠాలకూ రాలేదు. స్కూళ్లలో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, ఆ పని సినిమాలు చేస్తాయని థామస్ ఎడిసన్ 1913లోనే అన్నాడు. ఆ తర్వాత రేడియో వచ్చినప్పుడూ, టీవీ వచ్చినప్పుడూ, కంప్యూటర్ వచ్చినప్పుడూ ఇదే మాట వినిపించింది. పుస్తకం ఇంకా పోలేదు. విద్యలో టెక్నాలజీ మీద యునెస్కో 2023లో వెలువరించిన నివేదిక కూడా, దాని ప్రభావం గురించి గట్టి, నిష్పాక్షికమైన ఆధారాలు తక్కువేనని తేల్చింది. కాబట్టి మీ అనుమానం అర్థంలేనిదేమీ కాదు.

అయితే బోర్డు మీద చూపించలేనివి కొన్ని ఉన్నాయి. కదిలేవి, కంటికి ఆననంత చిన్నవి, ఏళ్లతరబడి జరిగేవి, ఒక్క అంకె మారిస్తే మొత్తం మారిపోయేవి. సరళరేఖ వాలు మారుతుంటే గ్రాఫు ఎలా తిరుగుతుందో సుద్దముక్కతో చూపాలంటే ఆరేడు గీతలు గీసి, ఏది ఏదో మళ్లీ వివరించాలి. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ అటూ ఇటూ జరిపితే పిల్లలే చెప్పేస్తారు. మార్పు కావలసింది అలాంటి చోట్లే.

నాకు కంప్యూటర్ పెద్దగా రాదు. పిల్లల ముందు తడబడితే పరువు పోదా?

వైరు ఎక్కడ పెట్టాలో తెలియనంత మాత్రాన పిల్లలు చులకనగా చూడరు. పాఠం రాకపోతే చూస్తారు. ఎవరూ లేనప్పుడు అదే గదిలో, అదే కంప్యూటర్‌తో, అదే ఫైలు ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నడిపి చూసుకోండి. ఇంట్లో చేసిన రిహార్సల్ లెక్కలోకి రాదు, ఎందుకంటే తేడా వచ్చేది గదిలోని ప్లగ్గులు, స్పీకర్ల దగ్గరే. బొమ్మ తెర మీదికి రాకపోతే విండోస్ కంప్యూటర్లో విండోస్ కీ, పి రెండూ కలిపి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకోండి. సగం కంగారు ఈ ఒక్క చిట్కాతో పోతుంది.

ఇద్దరు పిల్లలకు వైర్లు, స్విచ్చుల బాధ్యత అప్పగించడం కూడా మంచిదే. కాకపోతే ఎప్పుడూ ఆ ఇద్దరు అబ్బాయిలే కాకుండా నెల నెలా మార్చండి.

యాప్‌లు వందల్లో ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

యాప్‌తో కాదు, పాఠంతో. కిందటి ఏడాది పేపర్లు దిద్దుతున్నప్పుడు క్లాసులో సగం మంది ఒకేలా తప్పు రాసిన ప్రశ్న ఒకటైనా ఉంటుంది. చంద్రకళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయని రాయడం, బల్బు దాటేసరికి కరెంటు కొంత ‘ఖర్చయిపోతుందని’ అనుకోవడం, 0.35 కన్నా 0.4 చిన్నదనడం లాంటివి. అలాంటిది ఒకటి పట్టుకోండి. ఆ తప్పు ఎందుకు వస్తోందో ఆలోచించి, దాన్ని పిల్లలే చూసి సరిదిద్దుకోగలిగే సాధనం ఉందేమో అప్పుడు వెతకండి.

కరెంటు సంగతే తీసుకోండి. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లలో (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) సర్క్యూట్ కట్టే కిట్ ఉంది. బల్బుకు ముందు, వెనక కరెంటును కొలిచే అమ్మీటర్ పెట్టి చూస్తే రెండు చోట్లా ఒకే అంకె కనిపిస్తుంది. ‘అదేంటి, తగ్గలేదే?’ అని క్లాసు తనంతట తానే అడిగిందంటే పాఠం సగం అయిపోయినట్టే.

ఒక టర్మ్‌కు ఒక్క సాధనం చాలు. రెండోదాని గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా పేరు రాసి పెట్టుకుని పక్కన ఉంచండి.

ట్రైనింగులో ఎస్ఏఎంఆర్, టీప్యాక్ అని ఏవో చెప్పారు. అవి తెలియకపోతే కుదరదా?

కుదురుతుంది. మొదటిది రూబెన్ ప్వెంటెడురా చెప్పిన నాలుగు మెట్ల వరస: పాత పనినే కొత్త పరికరంతో చేయడం దగ్గర మొదలై, పరికరం లేకుండా అసలు వీలుకాని పని చేయడం దగ్గర ముగుస్తుంది. రెండోది పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో వివరించినది: సబ్జెక్టు, బోధన పద్ధతి, టెక్నాలజీ, ఈ మూడింటి జ్ఞానమూ కలిసే చోటే మంచి పాఠం పుడుతుందని సారాంశం. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది. మొదటిదాన్ని నిచ్చెనలా చూసి, పై మెట్టు ఎక్కకపోతే వెనకబడ్డామని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. కింది మెట్టు మీదే ఉండి చక్కగా పనిచేసే పాఠాలు బోలెడు.

ప్రొజెక్టర్ తీసుకోవాలా, పెద్ద టీవీయా, స్మార్ట్ బోర్డా?

ముందు గది చూడండి. కిటికీల నుంచి వెలుతురు బాగా పడుతుంటే తక్కువ ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్‌లో బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి గదికి కనీసం 3,000 ల్యూమెన్లన్నా ఉండాలి. కర్టెన్లు వేసి చీకటి చేయొచ్చు కానీ, చీకట్లో పిల్లలు నోట్సు రాయలేరు, మీకు వాళ్ల ముఖాలు కనపడవు. టీవీ వెలుతురులోనూ బాగుంటుంది, అయితే గది పొడవైతే వెనక బెంచీకి అక్షరాలు ఆనవు. ఏది తీసుకున్నా వెనక బెంచీలో మూలన కూర్చుని చదివి చూశాకే నిర్ణయించుకోండి.

స్మార్ట్ బోర్డు గురించి నాకు కొంచెం అనుమానమే. ఒక పిల్లవాడు వెళ్లి ముట్టుకుంటుంటే మిగతా క్లాసంతా చూస్తూ కూర్చుంటుంది. ఆ డబ్బుతో మామూలు ప్రొజెక్టర్, మంచి స్పీకర్, కొన్ని ట్యాబ్‌లు వస్తాయంటే నేను వాటివైపే మొగ్గుతాను. స్పీకర్ మాట మాత్రం మరిచిపోవద్దు. బొమ్మ మసకగా ఉన్నా నడుస్తుంది, మాట వినపడకపోతే రెండో నిమిషంలోనే గోల మొదలవుతుంది.

## ఒకే తెర, ఒకే ఫోను ఉన్న రోజుల్లో

వీడియో వేయగానే పిల్లలు సినిమా హాల్లోలా కూర్చుండిపోతున్నారు. అయ్యాక అడిగితే ఏమీ చెప్పరు.

వీడియో నడుస్తున్నంతసేపూ వాళ్లకు పనేమీ లేదు కాబట్టి. పది నిమిషాల వీడియోలో మీకు నిజంగా కావలసిన ముక్క రెండు మూడు నిమిషాలకు మించదు. అది ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉందో ముందే రాసి పెట్టుకోండి. అసలు ఘట్టానికి ఒక్క క్షణం ముందు ఆపి, ‘ఇప్పుడేమవుతుందో నోట్సులో ఒక వాక్యం రాయండి’ అనండి. అందరూ రాశాకే మళ్లీ నడపండి. తన ఊహ నిజమైందా లేదా అన్న ఆత్రంతో చూసే చూపు వేరుగా ఉంటుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్లాలనుకుంటే హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి చూడండి. ఒక ప్రశ్నకు నాలుగు జవాబులు తెర మీద పెడతారు. ఎవరికి వారు ఆలోచించి ఓటు వేస్తారు. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే జవాబు బయటపెట్టరు. పక్కవాళ్లతో వాదించుకోమని చెప్పి మళ్లీ ఓటు వేయిస్తారు. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు సాగొచ్చు. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, చేతివేళ్లతో ఒకటి, రెండు, మూడు, నాలుగు చూపించినా చాలు. వేళ్లు గుండెకు ఆనించి చూపమనండి, లేకపోతే ఫస్టు ర్యాంకు వాళ్ల చెయ్యి చూసి అందరూ మార్చేస్తారు.

ఇక మాట్లాడాల్సి వచ్చినప్పుడు తెర ఖాళీ చేయండి. పవర్‌పాయింట్ స్లైడ్ షోలో బి అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ తిరిగొస్తుంది. తెర ఆగిన మరుక్షణం కళ్లన్నీ మీవైపు తిరుగుతాయి.

స్లైడ్‌లో ఎంత రాయాలి?

మీరు నోటితో చెప్పబోయేది రాయకండి. తెర మీద పేరా పెట్టి అదే పేరా పైకి చదివితే పిల్లల కళ్లు ఒక వేగంతో, చెవులు ఇంకో వేగంతో పోతాయి. బొమ్మకు తోడు మాట ఉంటే చాలని, దానికి అదే మాట అక్షరాల్లో కూడా కలిపితే నేర్చుకోవడం తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ మల్టీమీడియా ప్రయోగాల్లో చూపాడు. ఒక స్లైడ్‌కు ఒక బొమ్మ, దాని భాగాల పేర్లు. అంతే. పాఠ్యపుస్తకం పేజీని ఫొటో తీసి పెట్టడం కన్నా పుస్తకం తెరవమనడం మేలు.

పాఠం మాధ్యమం పిల్లలకు ఇంకా సరిగా రాని భాష అయితే మాత్రం ముఖ్యమైన మాటలు రాసి చూపించాల్సిందే.

ఇంట్లో చక్కగా ఉన్న తెలుగు స్లైడ్ స్కూలు కంప్యూటర్లో గజిబిజిగా వస్తోంది. ఎందుకు?

రెండు కారణాలుంటాయి. పాత డీటీపీ ఫాంటుల్లో టైపు చేసి ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. దానికి మందు, అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే యూనికోడ్‌లో టైపు చేయడమే. ఫోన్లో తెలుగు కీబోర్డుతో టైపు చేసేదంతా యూనికోడే. యూనికోడ్‌లోనే ఉన్నా వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తుంటే అక్కడి సాఫ్ట్‌వేర్ పాతదై ఉండొచ్చు. ఏదైనా సరే, తీసుకెళ్లే ముందు పీడీఎఫ్‌గా కూడా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. యానిమేషన్లు పోతాయి, అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు.

క్లాసు మొత్తానికి నా ఫోను ఒక్కటే ఉంది. దాంతో ఏం చేయగలను?

మీరనుకున్నదానికన్నా ఎక్కువే. ఫోను కెమెరాను ప్రొజెక్టర్‌కు కలిపి, ఒక పిల్లవాడి నోట్సును పేరు కనపడకుండా తెర మీద చూపి, ‘ఈ లెక్కలో మూడో మెట్టు చూడండి’ అనొచ్చు. చిన్న విత్తనాన్నో, థర్మామీటర్ గీతనో అందరికీ ఒకేసారి పెద్దదిగా చూపొచ్చు. చదవడం నేర్చుకుంటున్న చిన్నపిల్లల చేత ఒక పేరా చదివించి రికార్డు చేసి, రెండు నెలల తర్వాత మళ్లీ చదివించి రెండూ వాళ్లకే వినిపించండి. ఏ మార్కుల కార్డూ అంత స్పష్టంగా ఎదుగుదల చూపించలేదు.

ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లల చేతుల్లో కాగితం కార్డులు మాత్రమే ఉంటాయి. కార్డును తిప్పి పట్టుకునే తీరును బట్టి జవాబు ఏ, బి, సి, డిలలో ఒకటవుతుంది. మీరు ఫోను కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదైపోతుంది. పక్కవాళ్ల కార్డు చూసి కాపీ కొట్టడం కూడా కష్టం, ఎందుకంటే ఒక్కో కార్డు మీది బొమ్మ ఒక్కోలా ఉంటుంది. కార్డులు మెరిసే లామినేషన్ వేయిస్తే లైటు పడి కెమెరా చదవలేదు, మందపాటి కాగితమే మేలు.

ఫోను పెట్టే ముందు నోటిఫికేషన్లు ఆపండి. సొంత మెసేజీలు తెర మీద ప్రత్యక్షమైతే ఆ పీరియడ్ ఇక మీది కాదు.

మా దగ్గర నెట్ సరిగా రాదు. ఇవేవీ మాకు కాదేమో?

నెట్ ఉన్నచోట ఒకసారి దించుకుని, లేనిచోట వాడుకునేలా చేసినవి చాలా ఉన్నాయి. ఫెట్ కొత్త సిమ్యులేషన్లు ఒక్కోటి ఒక ఫైలుగా దొరుకుతుంది, దాన్ని బ్రౌజర్లో తెరిస్తే చాలు. జియోజీబ్రాను కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. కివిక్స్‌తో వికీపీడియాను నెట్ లేకుండా చదవొచ్చు. కొలిబ్రి ఇంకో అడుగు ముందుకెళ్లింది: ఒక కంప్యూటర్లో పాఠాలన్నీ దించి పెడితే, గదిలోని ట్యాబ్‌లు వైఫై రూటర్ ద్వారా దాని నుంచే తీసుకుంటాయి, బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. గూగుల్ ఫామ్స్, కహూత్ లాంటి క్విజ్ సాధనాలకు మాత్రం నెట్ తప్పనిసరి. వాటితో మొదలుపెట్టి విసిగిపోయి, టెక్నాలజీ మొత్తాన్నే పక్కన పెట్టేసినవాళ్లు తెలుసు నాకు.

పాఠం మధ్యలో కరెంటు పోతే?

రెండు నిమిషాలు చూడండి, రాకపోతే బోర్డు దగ్గరికి వెళ్లిపోండి. తెర మీద చూపబోయే ప్రశ్న, ముఖ్యమైన బొమ్మ ఒక కాగితం మీద ఎప్పుడూ చేతిలో ఉండాలి.

## పిల్లల చేతికి పరికరాలు వచ్చాక

నలుగురికి ఒక ట్యాబ్ ఇస్తే ఒకడే నొక్కుతున్నాడు, మిగతావాళ్లు దిక్కులు చూస్తున్నారు.

పని పంచండి. ఒకరు నొక్కేవాళ్లు, ఒకరు ఏం నొక్కాలో చెప్పేవాళ్లు, ఒకరు రాసేవాళ్లు, ఒకరు ‘ఎందుకు’ అని అడిగేవాళ్లు. నొక్కేవాళ్లు సొంతంగా ఏదీ నొక్కకూడదు, చెప్పేవాళ్లు ట్యాబ్ ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమంతో ఆలోచన నోటి మాటగా బయటికి రాక తప్పదు. అయిదారు నిమిషాలకు ఒకసారి చప్పట్లు కొట్టి పాత్రలు మార్చండి. ముగ్గురైతే ఇంకా బాగుంటుంది, ‘ఎందుకు’ అడిగే పని రాసేవాళ్లకు కలపొచ్చు.

సిమ్యులేషన్ ఇస్తే ఆడుకుంటున్నారు, నేర్చుకోవట్లేదు.

ఆడుకోనివ్వండి, కానీ గడియారం పెట్టి. మొదటి అయిదు నిమిషాలు ఏ సూచనా ఇవ్వకండి. అన్ని మీటలూ నొక్కి, సర్క్యూట్‌కు మంటలు పుట్టించి, ఆ ఉబలాటం తీర్చుకుంటారు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వండి, అది కూడా సవాలులా ఉండాలి: ‘బ్యాటరీ మార్చకుండా రెండు బల్బులూ ఒక్క బల్బంత వెలుగుతో వెలగాలి. ఎలా?’ 1 నుంచి 20 దాకా మెట్లు రాసిన వర్క్‌షీట్ ఇస్తే మెట్లు పూర్తి చేస్తారు, ఆలోచించరు.

చివరి పది నిమిషాలు పరికరాలు మూసేసి, కనుక్కున్నది నోట్సులో బొమ్మ గీసి రాయించండి. నిజం బల్బు, వైరు, సెల్లు అందుబాటులో ఉంటే అదీ చేయించండి. తెర మీది బల్బు ఎప్పుడూ వెలుగుతుంది. నిజం బల్బు వెలగకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి, అదీ సైన్సే.

క్విజ్ యాప్ అంటే క్లాసు ఎగిరి గంతేస్తుంది. కానీ వేగంగా నొక్కినవాళ్లే ఎప్పుడూ గెలుస్తున్నారు.

వేగానికి పాయింట్లు ఇచ్చే పద్ధతి తీసేయండి. చాలా యాప్‌లలో టైమర్‌ను పెంచే, లేదా కచ్చితత్వానికి మాత్రమే పాయింట్లు ఇచ్చే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటుంది. నెమ్మదిగా ఆలోచించే పిల్లలు రెండు వారాల్లోనే ‘ఇది నా ఆట కాదు’ అని తేల్చేసుకుంటారు, ఆ తర్వాత ఏదో ఒకటి నొక్కేస్తారు. జంటలుగా ఆడించినా తేడా కనిపిస్తుంది.

క్విజ్ వల్ల లాభం ఆట వల్ల కాదు, గుర్తు తెచ్చుకునే శ్రమ వల్ల. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు చాలా ముందున్నారు. కాబట్టి ఇవాళ చెప్పిన పాఠం మీద ఇవాళే క్విజ్ పెట్టి మురిసిపోకండి. కిందటి వారం పాఠం మీద, కిందటి నెల పాఠం మీద నాలుగు ప్రశ్నలు పెట్టండి. మార్కులు తగ్గుతాయి, నేర్చుకోవడం పెరుగుతుంది.

నోట్సు ల్యాప్‌టాప్‌లో రాసుకోనివ్వాలా, చేత్తోనే రాయించాలా?

చిన్న క్లాసుల్లో అయితే చేత్తోనే. పెద్ద క్లాసుల్లో చర్చ ఉంది. చేత్తో రాసినవాళ్లకు భావాలు బాగా అర్థమయ్యాయని మ్యూలర్, ఒపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన పరిశోధన బాగా పేరు పొందింది కానీ, తర్వాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకు అంత స్పష్టమైన తేడా రాలేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2013 నాటి ఇంకో ప్రయోగం. క్లాసులో ల్యాప్‌టాప్ మీద వేరే పనులు చేసుకున్నవాళ్లకే కాదు, వాళ్ల తెర కనిపించేలా కూర్చున్నవాళ్లకూ మార్కులు తగ్గాయి. కాబట్టి పిల్లల ఇష్టానికి వదిలేసినా సరే, తెరలు తెరిచినవాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టండి.

ఇంట్లో ఫోను లేని పిల్లల సంగతేంటి?

ఇంటిపని ఏదీ ఫోను మీద ఆధారపడకూడదు. ఇక్కడ నేను సర్దుకుపోను. ‘పక్కింట్లో అడిగి చేసుకురా’ అనడం ఆ పిల్లను పక్కింటి గుమ్మం ముందు నిలబెట్టడమే. పరికరంతో చేయాల్సినది బడిలోనే, బడి వేళల్లోనే చేయించండి. ఇంటికి కాగితం మీద చేయగలిగేది ఇవ్వండి. ఎవరింట్లో ఏముందో తెలుసుకోవాలంటే క్లాసులో చేతులెత్తించొద్దు, చిన్న చీటీ మీద రాయించి తీసుకోండి. ‘ఉంది’ అన్నా అది నాన్న జేబులో ఉండి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే ఫోను కావచ్చు. ఏ వేళ దొరుకుతుందో కూడా అడగండి.

పిల్లల పేర్లు, ఈమెయిళ్లు యాప్‌లలో ఇవ్వొచ్చా?

తప్పనిసరైతే తప్ప వద్దు. చాలా యాప్‌లు 13 ఏళ్లలోపు వాళ్లను సొంతంగా ఖాతా తెరవనివ్వవు. అమెరికాలో 1998లో చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం నుంచి వచ్చిన గీత అది. కొన్ని దేశాల చట్టాలు ఇంకా పెద్ద వయసు దాకా తల్లిదండ్రుల అనుమతి అడుగుతాయి. ఖాతా లేకుండా, కోడ్‌తో చేరే సాధనాలు ఎంచుకోండి. పేరు అడిగినచోట రోల్ నంబరో, పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరో ఇవ్వండి. ఏది ఎవరిదో చెప్పే పట్టిక మీ నోట్సులో ఉంటే చాలు. మార్కుల జాబితాను స్క్రీన్‌షాట్ తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం మానేయండి, ఎవరి మార్కులు వాళ్లకే.

నెట్‌లో దొరికిన బొమ్మలు, వీడియోలు నా స్లైడ్లలో పెట్టుకోవచ్చా?

వికీమీడియా కామన్స్‌లో వెతకండి. అక్కడివి చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో ఉంటాయి. బివై అని ఉంటే తయారుచేసినవాళ్ల పేరు రాయాలి, వేరే సైట్లలో దొరికేవాటి మీద ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. స్లైడ్ కింద చిన్న అక్షరాల్లో పేరు రాసే అలవాటు మీకుంటే పిల్లలకూ వస్తుంది.

చూపు, వినికిడి తక్కువున్న పిల్లలకు దీనివల్ల మేలా, కొత్త చిక్కా?

రెండూ. పుస్తకంలో అక్షరం సైజు మార్చలేం, ట్యాబ్‌లో మార్చొచ్చు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ విండోస్‌లో ఉన్నదాన్ని, తెలుగు సహా, పైకి చదివి వినిపిస్తుంది. కానీ పేజీని ఫొటో తీసి పీడీఎఫ్‌గా పంపితే అది వట్టి బొమ్మ, స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరాలే కనిపించవు. టైపు చేసిన ఫైలే ఇవ్వండి. వీడియోకు ఆటోమేటిక్ క్యాప్షన్లు పెడితే ముందు మీరొకసారి చూడండి, పేర్లు, సాంకేతిక పదాలు ఘోరంగా వస్తాయి. ‘ఎర్ర గీత చూడండి, పచ్చ గీత చూడండి’ అని చెప్పే ముందు, ఆ రెండు రంగుల తేడా తెలియని పిల్లలు క్లాసులో ఉండొచ్చని గుర్తుంచుకుని గీతలకు పేర్లు కూడా పెట్టండి.

## ఏఐ వచ్చాక

హోంవర్కు అంతా ఏఐతో రాయించుకొస్తున్నారు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

ఉన్నాయి, నమ్మకండి. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 మొదట్లో ఒక డిటెక్టర్ విడుదల చేసి, కచ్చితత్వం సరిపోవడం లేదని అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన టోఫెల్ (ఇంగ్లిష్ సామర్థ్య పరీక్ష) వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను ఏఐ రాసినవిగా అవి తప్పుగా తేల్చాయి. అంటే తేలిక మాటలతో నిజాయితీగా రాసుకున్న పిల్లలే దొంగలుగా నిలబడాల్సి వస్తుంది. ఒక్క పిల్లను తప్పుగా అనుమానిస్తే ఆ ఏడాదంతా మీ క్లాసులో ఆమె నోరు విప్పదు.

పని తీరు మార్చండి. మొదటి చిత్తుప్రతి క్లాసులోనే, చేత్తో. ఇంట్లో దాన్ని మెరుగుపరచుకు రమ్మనండి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాయమనండి. అప్పుడప్పుడూ ఒకరిని పిలిచి ‘ఈ మూడో పేరా నాకు నోటితో చెప్పు’ అనండి. సొంతంగా రాసినవాళ్లు తడుముకున్నా చెప్పగలరు.

పాఠ్యప్రణాళికలకు, ప్రశ్నపత్రాలకు నేను ఏఐ వాడొచ్చా?

వాడొచ్చు. ఒకే లెక్కను మూడు స్థాయిల్లో రాయించడానికి, పిల్లలు సాధారణంగా చేసే తప్పులతో బహుళైచ్ఛిక ప్రశ్నలకు తప్పు జవాబులు తయారు చేయించడానికి బాగా పనికొస్తుంది. అయితే అది తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెబుతుంది. ప్రతి లెక్కా మీరు చేసి చూడాలి, ప్రతి తేదీ పుస్తకంతో సరిచూడాలి. తెలుగు పద్యానికి అర్థం, ఛందస్సు అడిగితే మరీ జాగ్రత్త, గణవిభజన తప్పుగా చేసి ఉత్పలమాల అనేస్తుంది. పిల్లల పేర్లు, మార్కులు, ఇంటి పరిస్థితులు అందులో టైపు చేయకండి.

## అలవాటు పడ్డాక

వీటన్నిటికీ టైమ్ ఎక్కడిది? సిలబస్సే అవట్లేదు.

కొత్త పాఠం తయారుచేసుకోవడానికి మొదటి ఏడాది సమయం పడుతుంది, అది నిజం. అందుకే నెలకు ఒకటి రెండు పాఠాలకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. తయారైనదాన్ని క్లాసు, పాఠం పేరుతో ఫోల్డర్లో పెట్టి, అందులోనే ఒక చిన్న ఫైలులో ‘రెండో ప్రశ్న దగ్గర ఎక్కువ సేపు పట్టింది’ లాంటి మాట రాసుకోండి. వచ్చే ఏడాది ఆ ఒక్క మాట స్లైడ్లకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. అదే సబ్జెక్టు చెప్పే ఇంకొకరితో పంచుకుంటే పని సగమవుతుంది. సమయాన్ని నిజంగా మిగిల్చేది దిద్దే పని: ఒక్క మాటలో జవాబు వచ్చే ప్రశ్నలను గూగుల్ ఫామ్స్ క్విజ్ దిద్దేస్తుంది, మీరు వ్యాసరూప ప్రశ్నలకు వ్యాఖ్యలు రాయొచ్చు.

ఇదంతా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పిల్లలు మాత్రం సంతోషంగానే ఉన్నారు.

సంతోషం మంచిదే కానీ అది కొలబద్ద కాదు. ఏ కొత్త పరికరమైనా మొదట్లో ఉత్సాహం తెస్తుంది, పాతబడ్డాక తగ్గుతుంది. తేడా తెచ్చేది బోధన పద్ధతే గానీ మాధ్యమం కాదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు, దాని మీద వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. మీకు కావలసింది చిన్న పరీక్ష. పాఠానికి ముందు ఒక ప్రశ్న, మూడు వారాల తర్వాత అదే భావన మీద వేరే రూపంలో ఇంకో ప్రశ్న, రెండూ కాగితం మీద. కిందటి ఏడాది సగం మంది తప్పు రాసిన ప్రశ్న మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది. అందులో తప్పులు తగ్గలేదంటే ఆ సాధనం ఎంత అందంగా ఉన్నా మీ పాఠానికి పనికిరాలేదు.

మా హెడ్మాస్టర్ గారు ప్రతి పీరియడ్‌లోనూ వాడాల్సిందే అంటున్నారు. తోటివాళ్లేమో ‘మీకెందుకండీ ఈ తలనొప్పి’ అని నవ్వుతున్నారు.

హెడ్మాస్టర్ గారిని ఒక పీరియడ్‌కు పిలవండి. బాగా వచ్చిన పాఠానికే పిలవండి. అయ్యాక, ఇది ఏ పాఠాలకు పనికొస్తుందో, ఏ పాఠాలకు బోర్డే మేలో రాసిన కాగితం ఇవ్వండి. ‘వాడను’ అనడం కన్నా ‘వీటికి వాడతాను సార్’ అనడం తేలిగ్గా చెల్లుతుంది. తోటివాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయకండి. పరీక్షలయ్యాక మార్కులు వేసే పని మీకు గంట ముందే అయిపోవడం చూస్తే ఎవరో ఒకరు కుర్చీ జరుపుకుని మీ పక్కన కూర్చుంటారు.

ఏడాదిగా వాడుతున్న యాప్ ఇప్పుడు డబ్బులడుగుతోంది, పనితీరూ మారిపోయింది. వదిలేయొచ్చా?

వదిలేయండి. ఉచితంగా మొదలైనవి తర్వాత పిల్లల సంఖ్య మీదో, ప్రశ్నల సంఖ్య మీదో పరిమితి పెట్టడం మామూలే. అందుకే ప్రశ్నల బ్యాంకు ఎప్పుడూ మీ దగ్గర మామూలు స్ప్రెడ్‌షీట్‌లో ఉండాలి. చాలా క్విజ్ యాప్‌లు దాన్నే దిగుమతి చేసుకుంటాయి కాబట్టి మారడం కష్టం కాదు. వెళ్లేముందు పిల్లల ఫలితాలు దించుకోండి, ఆ తర్వాత అందులోని క్లాసులను, పిల్లల వివరాలను, చివరికి మీ ఖాతాను తొలగించండి. యాప్‌ను ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. అది సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా చేయాల్సిన పని.